ఎదురుగా నిలబడగలిగిన కత్తి

కర్నూలు నుంచి కడపకు మా వాళ్లు పెళ్లిళ్లకు వెళతారు, దర్గాకు వెళతారు, కోర్టు పనుల మీద వెళతారు. పోయిన మే నెలలో నేను రెండు కత్తుల కోసం వెళ్లాను. కొనడానికి కాదు. అమ్మినవాణ్ణి నేనే. వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్లాను.

కర్నూలులో బురుజుకు నాలుగు సందుల అవతల నాకొక చిన్న ఫ్యాన్సీ కొట్టు ఉంది. గాజులు, గోరింటాకు కోన్లు, కీచైన్లు, పుట్టినరోజు టోపీలు అమ్ముతాను. రెండేళ్లుగా కాలేజీ పిల్లలు వచ్చి జపాన్ బొమ్మల సినిమాల సామాను అడగడం మొదలుపెట్టారు. వాటిని అనిమే అంటారు. ఆ కథల్లోని వీరుల్లా వేషం కట్టుకుని పోటీలకు వెళ్లడం ఇప్పుడు మన ఊళ్లకూ వచ్చింది. వేషానికి బట్టలు, విగ్గు ఎంత ముఖ్యమో కత్తి అంత ముఖ్యం. తెరమీది కత్తిని అచ్చు దించినట్టు చేసి పెట్టెల్లో పెట్టి అమ్మే కంపెనీలు ఉన్నాయి. నేను ఉత్తరాదిన ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర్నుంచి పన్నెండు తెప్పించాను. కోసే వైపు నల్లటి అలుగు, అలుగుకూ పిడికీ మధ్య అడ్డంగా బంగారు రంగు మొల, పిడి చివర ఎర్రటి కుచ్చు. పెట్టె మీద బంగారు అక్షరాలతో, చేత్తో సాగగొట్టిన ఉక్కు అనీ, పిడి చివరిదాకా ఒకటే లోహం అనీ రాసి ఉంది. నేను చదివాను, నమ్మాను, అమ్మాను. మూడు అమ్ముడుపోయాయి.

మొదటిది కొన్న హాస్టల్ కుర్రాడు ఒక గురువారం సాయంత్రం కొట్టుకు వచ్చి, అలుగును ఒకవైపు, పిడిని ఒకవైపు బల్ల మీద పెట్టాడు.

"అంకుల్, దీన్ని అతికించే గమ్ ఉందా?" అని నవ్వాడు.

ఏమైందని అడిగాను. గదిలో గాలిలోకి ఒక్కసారి ఊపాడట. పిడి చేతిలోనే ఉంది. అలుగు ఎగిరి స్నేహితుడి మంచం పైన గోడకు తగిలి పెచ్చు రాలింది. ఆ సమయానికి స్నేహితుడు చెప్పు కోసం మంచం కిందికి వంగి ఉన్నాడు.

"వాడి తల ఆడ ఉండింటే?" అన్నాను.

"లేదు కదంకుల్."

పిల్లవాడికి డబ్బు తిరిగి ఇచ్చి పంపాను. తర్వాత పిడిలోకి టార్చి వేసి చూశాను. అలుగు చివర చిటికెన వేలిలో సగం లావు ఊచ ఒకటి అతికించి ఉంది. అదే విరిగింది. పిడికి రెండు పక్కలా మేకుల్లా కనిపించే తలలు మేకులు కావు, బంకతో అంటించిన బిళ్లలు. చిన్నప్పుడు మద్రసాలో మాకు మొదట నేర్పిన వ్యాపార పాఠం గింజల కుప్ప గురించి. పైన పొడి గింజలు పోసి లోపల తడి గింజలు దాచినవాడు మనవాడు కాడు అని. నలభై ఏళ్లుగా ఆ పాఠం పిల్లలకు నేనూ చెబుతున్నాను. నా కొట్లో కుప్ప పైన పొడిగా, లోపల తడిగా ఉంది.

మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకరు బనగానపల్లెలో మామిడి తోట ఉన్న శివారెడ్డి. "కత్తి బ్రహ్మాండంగా ఉండాది సాయిబూ, ఎందుకు వాపసిస్తాను" అని పెట్టేశాడు. రెండోవారు కడపలో నాగవేణి అనే ఆమె. ఆమెకు పార్సిల్‌లో పంపాను. "అమ్మా, మీరు కొన్న వస్తువులో లోపముంది, మీ డబ్బులు వాపసు ఇస్తాం" అని నేను అనగానే ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే నా నంబరు బ్లాక్ చేసి ఉంది. డబ్బులు వాపసు ఇస్తామని వచ్చే ఫోన్లన్నీ మోసాలేనని ఈ రోజుల్లో అందరికీ తెలుసు. నిజం చెప్పేవాడి మాట కూడా వాటిలో కలిసిపోయింది. ఆమె ఫోన్ పెట్టకముందు ఒక్క మాట మాత్రం నాకు వినబడింది. పక్కన ఎవరితోనో "ఆదివారం ప్రోగ్రాం పెట్టుకుని ఇదొకటి" అంది. అది వేషాల పోటీయే అయి ఉండాలి.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక మా మసీదు హజ్రత్ దగ్గర కూర్చున్నాను. ఆయన దగ్గరే నేను చదువుకున్నది.

"అమ్మేటప్పుడు నాకు తెలీదు హజ్రత్. పాపం నా మీద ఉంటుందా?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసు కదా."

"తెలుసు."

"అయితే నన్నెందుకు అడుగుతావు? బస్సు ఎన్నింటికి?"

బస్సు మూడింటికి ఉంది.

బస్సులో మూట

విరిగిన కత్తిని దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాను. ఎవరైనా దాన్ని చూసి బాగుచేసే మార్గం చెబుతారేమోనని ఆశ. నా పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్లో కోడిపెట్టను పెట్టుకుని ఉంది. మూట వైపు చాలాసేపు చూసింది.

"ఏముండాదన్నా దాంట్లో, చెరుకా?"

అబద్ధం చెప్పడం నాకు రాదు, ప్రయాణంలో అసలే రాదు. "కత్తి" అన్నాను.

ముందు సీట్లో మాటలు ఆగిపోయాయి. తర్వాత వెనక సీట్లోనూ ఆగిపోయాయి. గడ్డం, టోపీ, పొడుగు లాల్చీ, పక్కన మూడడుగుల మూట. ఎవరికి ఏమనిపించిందో నాకు తెలియనిది కాదు. కండక్టరు వచ్చాడు.

"ఏమప్పా, కత్తంట?"

"బొమ్మ కత్తి. వేషాలకు పెట్టుకునేది."

"కత్తికి టికెట్ లేదుగానీ, కత్తి పట్టుకున్నోన్ని ఎక్కించుకున్న్యానంటే నా ఉద్యోగం ఉండదు. విప్పు."

విప్పాను. నల్లటి అలుగు వేరుగా, పిడి వేరుగా బయటపడ్డాయి. కండక్టరు అలుగు అంచు మీద బొటనవేలు గీసి చూశాడు. పదును లేదు. పిడిని తలకిందులు చేస్తే లోపలినుంచి విరిగిన ఊచ ముక్క రాలి కోడిపెట్ట ముందు పడింది. కోడి దాన్ని ఒకసారి పొడిచి చూసి వదిలేసింది.

"పిడి ఊడిపోయిన కత్తితో ఎవర్ని బెదిరిస్తావప్పా" అన్నాడు కండక్టరు. "కూచో. ఇనుప ముక్క మాత్రం డ్రైవరు వెనకాల పెట్టు."

బస్సంతా మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. పెద్దామె తన సంచిలోంచి జొన్నరొట్టె ముక్క, వేరుశనగ ఊరుబిండి పచ్చడి తీసి ఇచ్చింది. నేను ఎందుకు వెళుతున్నానో మొత్తం అడిగింది. విన్నాక, "అమ్మినాక ఎవరైనా వస్తారా సామీ? మా ఊరికి విత్తనాలు అమ్మినోడు ఇంతవరకూ తిరిగి రాల్యా" అంది.

బనగానపల్లె తోటలో

మా ఊరివాళ్లు బనగానపల్లె మామిడిపండు అంటారు. ఆ ఊరివాళ్లు మాత్రం బేనిషాన్ అంటారు. మే నెల మధ్యలో ఊరు చేరకముందే వాసన చేరుతుంది.

శివారెడ్డికి యాభై దాటి ఉంటాయి. నన్ను చూసి నవ్వాడే గాని కత్తి ఊసెత్తనివ్వలేదు. "పొద్దున మాట్లాడుకుందాం. ముందు తిను" అన్నాడు. రాగి సంగటి, కోడికూర పెట్టారు. హలాలో కాదోనని నేను కూర వైపు చూసి ఆగాను. ఆయన ఇంటావిడ గ్రహించి, "ముల్లా సాయిబు కోసిందే. మా ఇంట్లో ఎప్పుడూ ఆయనే కోస్తాడు, మా అత్త కాలం నుంచి" అంది. సీమలో ఇది కొత్తేమీ కాదు. కానీ బయటి జిల్లాల చుట్టాలకు చెబితే నమ్మరు. నేను కడుపునిండా తిన్నాను. కత్తి ఎందుకు కొన్నావని శివారెడ్డిని అడిగాను.

"మా తాత గోడకు నిజం కత్తి ఉండె. మా నాయన దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పె, మంచి పని చేసినాడు. కానీ మేకు మాత్రం మిగిలిపాయె. ఉత్త మేకును చూస్తా ముప్పై ఏళ్లు కూచుంటి. నీ కొట్లో ఇది చూస్తానే మేకు గుర్తొచ్చె."

గోడ చూశాను. మేకు ఉంది. కత్తి లేదు.

"మరి కత్తి?"

"తోటలో ఉండాది."

తెల్లవారి ఫజర్ నమాజు చేసుకుని తోటకు వెళితే కత్తి ఎక్కడుందో తెలిసింది. వెదురు దోటి చివర సైకిల్ ట్యూబుతో బిగించి కట్టి ఉంది. దానితో మామిడికాయల తొడిమలు కోయిస్తున్నాడు. జపాన్ బొమ్మల సినిమాలో చీకటిశక్తుల్ని నరికే కత్తి బనగానపల్లెలో బేనిషాన్లు కోస్తోంది. అంచుకు పదును కూడా పట్టించాడు.

"రెడ్డీ, దాని కింద మనుషులుండకూడదు" అన్నాను.

"వారం నుంచి కోస్తాండాం. ఏం కాల్యా. చూడు" అని తానే దోటి అందుకుని పై కొమ్మకు ఒక్క లాగు లాగాడు.

దోటి కిందికి వచ్చింది. పిడి వచ్చింది. అలుగు రాలేదు.

అందరం తలలెత్తి చూశాం. ఆకుల్లో ఎక్కడో కొమ్మల మధ్య ఇరుక్కుని ఉంది, మెరుపు మాత్రం కనబడుతోంది. కింద కాయలు ఏరుతున్న రామక్క అనే కూలీ గంప వదిలేసి నాలుగు చెట్ల అవతలికి పోయి నిలబడింది.

"కాయ పడతాదని తలకు గుడ్డ చుట్టుకుంటి" అంది అక్కడినుంచే. "కత్తి పడతాదని ఏం చుట్టుకోవల్ల రెడ్డీ?"

శివారెడ్డి నిచ్చెన తెప్పించాడు. ఆ అలుగు దించడానికి గంట పట్టింది. ఈసారి నేను లోపం వివరించనక్కర్లేకపోయింది. ఆయనే రెండు ముక్కలూ నా చేతికిచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, బలవంతాన రామక్క గంపలో పెట్టాను. ఆమె అడ్డు చెప్పలేదు. "నాకే పడాల్సిండె కదా" అంది.

"దీని సంగతి తెల్సుకోవాలంటే మా కమ్మరి బ్రహ్మయ్య దగ్గరికి పా" అన్నాడు శివారెడ్డి. "మా దోటి కొక్కేలన్నీ ఆయనవే. కొక్కెం అడిగింటే చేసిచ్చే. నాకే సినిమా పిచ్చి."

కొలిమి దగ్గర

బ్రహ్మయ్యకు డెబ్బై ఉంటాయి. కొలిమికి ఇప్పుడు తిత్తి లేదు, కరెంటు ఫ్యాను ఉంది. ఆయన ముందు మా కత్తిని చూసి మెచ్చుకున్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. నలుపు రంగు సమంగా ఎక్కిందన్నాడు, అంచు గీత తిన్నగా ఉందన్నాడు. తర్వాత పిడికి చుట్టిన దారాన్ని కోశాడు.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు కాబట్టి ఆయన నాకు చూపించినవి చెబుతాను. పిడి దారం కింద సొరచేప తోలులా గరుకుగా కనబడేది అచ్చు వేసిన ప్లాస్టిక్కు. బంగారు రంగు మొల ఇత్తడి కాదు, పోతపోసిన తేలిక లోహం, సుత్తితో చిన్న దెబ్బకే బిస్కెట్టులా విరిగింది. అలుగు స్టీలే గాని గిన్నెల స్టీలు లాంటిది, తుప్పు పట్టదు, గట్టిగా కొడితే వంగకుండా పగులుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది తోక. కొడవలికైనా కత్తికైనా పిడి లోపలికి పోయే భాగాన్ని ఆయన తోక అన్నాడు.

"ఇది చూడు" అని తన కొడవలి ఒకటి తీశాడు. "దీని తోక దీంట్లోనే పుట్టింది. పిడి చివరిదాకా పోయి ఆడ మడిచి కొట్టింటా. కట్టె విరగల్లగానీ ఇది ఊడదు. నీదానికి తోకే లేదు. కుక్కకు తోక తెగ్గోసి దారంతో కొబ్బరి పీచు కట్టినట్ల ఉండాది."

"అన్నీ ఇట్లే ఉంటాయా?"

"విప్పకుండా చెప్పాలంటే ఒకటే దారి." రెండు కత్తుల్లో దేనికీ పిడి లేదు కాబట్టి కొడవలినే చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఆడించాడు. "కత్తి మాట్లాడకూడదు. టిక్కుమనిందా, లోపల కదుల్తాండాదని."

రెండింట్లో హాస్టల్ కుర్రాడు తెచ్చిన అలుగు ఒక్కటే పగుళ్లు లేకుండా ఉంది. దాన్ని బాగుచేయవచ్చన్నాడు. రంపపు చక్రంతో అలుగు మొదట్లో జానెడు మేర రెండు పక్కలా కోసి, దాన్నే తోకగా మలిచాడు. కొత్త తోక, పాత లోహమే, అతుకు లేదు. తుమ్మకట్టెతో పిడి చేసి, ఆ తోకను చివరిదాకా దింపి, ఇనుప మేకులు రెండు ఇటునుంచి అటు కొట్టి రెండువైపులా నున్నగా అణిచాడు. మొన గుండ్రం చేశాడు. జానెడు పొట్టి అయింది.

"ఊపేదానికే" అన్నాడు. "దేని మీదా కొట్టగూడదు. ఆ ఇనుము నా ఇనుము కాదు, దానికి నేను హామీ ఇయ్యను. తోకకు ఇస్తా."

పని మధ్యలో మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళయింది. ఆయన అడగకుండానే ఉతికిన గోతం ఒకటి తెచ్చి నీడలో పరిచాడు. ప్రయాణంలో ఉన్నవాడికి నమాజు సగానికి కుదించుకునే వెసులుబాటు ఉంది. నేను రెండు రకాతులు చదివి లేచేసరికి ఆయన కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిడి నా వైపు తిప్పి ఇచ్చి, ఆరడుగులు వెనక్కి పోయి, సరిగ్గా నాకెదురుగా నిలబడ్డాడు.

"ఊపు."

"నువ్వు పక్కకు జరుగు బ్రహ్మయ్యా."

"జరిగితే ఏం లాభం? మా నాయన నాటకాలోల్లకు కత్తులు చేస్తాండె. పిడి కొట్టినోడు మొదటి ఊపుకు ఎదురుగా నిలబడల్ల. మా ఇంటి పద్ధతి. నిలబడ్డ్యాకనే ఆ కత్తి నాటకానికి పోతాది."

"ఎప్పుడూ ఊడలేదా?"

"ఒక్కతూరి ఊడె. మా నాయనకు ఈడ మచ్చ ఉండె" అని కనుబొమ మీద వేలు పెట్టి చూపించాడు. "ఆ పొద్దు నుంచి మల్ల ఎప్పుడూ ఊడల్యా. ఊపు సాయిబూ, కొలిమి చల్లారతాండాది."

బిస్మిల్లా అనుకుని ఊపాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి నా బలమంతా పెట్టి. బ్రహ్మయ్య రెప్ప వేయలేదు. పన్నెండు కత్తులు తెప్పించాను, మూడు అమ్మాను. వాటిలో ఒక్కదాన్ని కూడా పెట్టెలోంచి తీసి ఊపి చూడలేదు. మా నాయన తన కాలంలో గాజులు అమ్మినా చేతికి వేసి, తాకించి, మోత విని ఇచ్చేవాడు.

బ్రహ్మయ్య మూడు వందలు తీసుకున్నాడు. శివారెడ్డి బస్టాండుకు వచ్చి మామిడిపండ్ల బుట్ట నా తల మీద పెట్టినంత పని చేశాడు.

జమ్మలమడుగు దారి

ఆ బుట్ట గురించి ఎక్కువ చెప్పను. నల్లరేగడి పొలాలు, నాపరాళ్ల గుట్టలు, రోడ్డుకు ఇరువైపులా పేర్చిన రాతి పలకలు దాటుకుంటూ వెళ్లే ఆ బస్సులో నిలబడటానికి చోటు లేదు. జమ్మలమడుగు దాటాక ఒకాయన నిద్రలో బుట్ట మీద కూర్చున్నాడు. లేచి, తన ప్యాంటు చూసుకుని, "ఎవరివప్పా ఈ పండ్లు, శానా బాగుండాయి" అన్నాడు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మిగిలిన తొమ్మిది పండ్లను దుప్పట్లో కత్తి పక్కన పెట్టుకున్నాను. దారి పొడుగునా ఒకటే దువా చేశాను. పోటీ మొదలయ్యేలోపు నాగవేణి దొరకాలి, దొరికితే నా మాట నమ్మాలి.

కడపలో, శనివారం సాయంత్రం

పార్సిల్ చిరునామా పట్టుకుని వెతికితే అది ఒక దోసెల బండి దగ్గర తేలింది. ఇంటి ముందే బండి. వెనక ఓబులమ్మ అనే ఆమె పెనం మీద కారం దోసెలు పోస్తోంది. ఎర్రకారం, పైన పప్పుల పొడి, చుట్టూ నెయ్యి. ఆకలి మీద ఉన్నాను, ముందు ఒకటి తిన్నాను. యాభై రూపాయలు. మా కర్నూలు బొరుగుల ఉగ్గాని కంటే కారం రెండింతలు, కానీ చేయి ఆగదు. తిన్నాక నాగవేణి ఇల్లు ఇదేనా అని అడిగాను.

"నా బిడ్డే. యాడ్నుంచి వచ్చినావన్నా?"

"కర్నూలు నుంచి. కత్తి అమ్మింది నేనే."

ఇంట్లోంచి ఒక అమ్మాయి బయటకు వచ్చింది. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. పిల్లల వార్డులో నర్సు అని తర్వాత తెలిసింది.

"అమ్మా, డబ్బులు వాపసిస్తామని ఫోన్ చేసినాయనే. ఫోన్ కట్ చేస్తే ఇంటికే వచ్చినాడు" అంది. "ఇప్పుడు ఓటీపీ నోటితోనే అడుగుతాడేమో."

నేను జేబులోంచి డబ్బు తీసి బండి మీద పెట్టాను. ఓటీపీ అడగలేదు. ఆమె కొంచెం తగ్గింది. విషయం మొదటినుంచీ చెప్పాను. వింటున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి తన కత్తి తెచ్చి చూపింది. మొల మీద సన్న కుంచెతో తెల్లటి పూలు గీసింది, కుచ్చుకు పూసలు కట్టింది. ఆరునెలలు డ్యూటీలు చేసుకుంటూ వేషం కుట్టుకుందట. తన వార్డులో నయమై ఇళ్లకు వెళ్లిన పిల్లలు ఇరవైమంది రేపు చూడటానికి వస్తున్నారట. వాళ్ల కోసం స్టేజీ ముందే తివాచీ పరిపించిందట.

"ముందేనా?" అన్నాను.

"ముందే. వాళ్ల కోసమే కదన్నా ఇదంతా."

దుప్పటి విప్పి బ్రహ్మయ్య బాగుచేసిన కత్తి ఇచ్చాను. ఆమె దాన్ని తన కత్తి పక్కన పెట్టి కొలిచింది.

"ఇది జానెడు పొట్టి. పిడి కట్టెది. విరిగిపోయిన సామానుకు అతుకేసి నాకిచ్చి, మంచిది పట్టుకపోతావా? భలే ఉండావే. ఇంత ఎండలో కడప దాకా వచ్చినావంటే దీని రేటు పెరిగిందేమో."

ఓబులమ్మ అట్లకాడ ఆపి నా వైపు చూసింది. దోసెల కోసం నిలబడ్డవాళ్లూ చూశారు. నేను ఇంకా వివరించి ఉండేవాణ్ణి. ఊచ గురించి, బిళ్లల గురించి, చెట్టులో ఇరుక్కున్న అలుగు గురించి. కానీ మోసగాడు కూడా ఇంతే బాగా వివరిస్తాడు. కాబట్టి లేచి, ఇంటి ముందున్న ఖాళీ జాగాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నేను తెచ్చినదాన్ని పట్టుకో తల్లీ. రేపు ఎట్లా ఊపుతావో అట్లా ఊపు. నేను కదలను."

"తగిల్తే?"

"తగలదు. ఊపు."

ఆమె తల్లి వైపు చూసింది. తర్వాత దూరం సరిచూసుకుని ఊపింది. నేర్చుకున్న చెయ్యి అది. తల మీదుగా తిప్పి, పక్కకు కోసి, ఒక్క కాలిమీద తిరిగి సరిగ్గా నా ముఖం వైపు ఆపింది. గాలి తగిలింది. ఇంకేమీ తగల్లేదు.

"ఇప్పుడు నీదాన్ని తీసుకో" అన్నాను. ఆమె తీసుకుంది. నేను గోడ దగ్గరినుంచి పక్కకు జరిగి దోసెల బండి వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

"ఏంటికి పోయినావు?"

"దానికి నిలబడను. తెలిసి తెలిసి ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టడం మా ధర్మంలో తప్పు."

పెనం మీద దోసె మాడుతోంది. ఓబులమ్మ దాన్ని తిప్పకుండానే కూతురి వైపు తిరిగింది.

"ఈ పెద్దమనిషి నిలబడని చోట ఆ పిల్లోళ్లను కూచోబెడతావా మ్మే?"

నాగవేణి కత్తి దించింది. పిడిని చెవి దగ్గర పెట్టుకుని ఆడించమని చెప్పాను. ఆడించింది. కుచ్చును పిడికిట్లో బిగించి మళ్లీ ఆడించింది. ఆమె ముఖం మారింది.

"ఈ టిక్కుమనేది నెల నుంచి వింటాండా" అంది. "పూసల చప్పుడనుకుంటి."

అక్కడే, దోసెల బండి లైటు కింద, పిడి దారం విప్పాం. ఊచ మొదట్లో వెంట్రుక వాసి మిగిలి మిగతాదంతా పగిలి ఉంది. మామిడిపండ్లు కోసుకుని తింటూ ఆమె పూలు గీసిన మొలనూ కుచ్చునూ విప్పి కొత్తదానికి ఎక్కించింది. జానెడు పొట్టి కత్తితో తిరగడం మళ్లీ నేర్చుకోవాలి అని గొణుగుతూనే ఉంది. నేను ఎంత వద్దన్నా ఓబులమ్మ నా దోసె డబ్బులు మాత్రం తిరిగి ఇచ్చేసింది.

ఆదివారం

ఆ రోజు తిరుగు బస్సు ఎక్కేయొచ్చు. నా బాధ్యత తీరిపోయింది. కానీ బ్రహ్మయ్య మాట గుర్తుంది. నేను ఎదురుగా నిలబడింది మొదటి ఊపుకే, స్టేజీ మీది ఊపు ఇంకా చూడాలి.

ఫంక్షన్ హాలు నిండా విచిత్రమైన మనుషులు. మే నెల కడప ఎండలో ఉన్ని దుస్తులు, నీలం జుట్టు, అట్టముక్కల రెక్కలు. రెక్కలబ్బాయి ఫ్యాను కింద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మా ఇంట్లో వేషాలను, బొమ్మలను ప్రోత్సహించే అలవాటు లేదు. వీటిని అమ్ముతున్నందుకు నాలో నేను తేల్చుకోవాల్సిన లెక్క ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ దాచను. కానీ ఆ ఉదయం నేను చూసినవాళ్లు ఒకరికొకరు పిన్నీసులు పెట్టుకుంటూ, ఎవరి కుట్టు ఊడినా అందరూ సూదీ దారం వెతికే పిల్లలు.

నేను తివాచీ మీద, మొదటి వరుసలో, పిల్లల మధ్య కూర్చున్నాను. తలకు కట్టు ఉన్న ఒక పాప నా గడ్డాన్ని, లాల్చీని పరీక్షగా చూసింది.

"తాతా, నువ్వేం వేషం?"

"కొట్టాయన వేషం" అన్నాను.

"కత్తి లేదా?"

"వస్తాండాది. చూడు."

నాగవేణి వచ్చింది. తల మీదుగా తిప్పింది, పక్కకు కోసింది, ఒక్క కాలిమీద తిరిగింది, పిల్లల వైపు ఆపింది. నేను కళ్లు మూసుకోలేదు. పాప చప్పట్లు కొట్టింది. అప్పుడు ఊపిరి వదిలి అల్‌హమ్దులిల్లాహ్ అన్నాను.

బహుమతి ఆమెకు రాలేదు, రెక్కలబ్బాయికి వచ్చింది. "కత్తి పొట్టి అన్నారన్నా" అంది బయటకు వచ్చి. కోపంగానే అంది. క్షమాపణ అడిగాను. ఇచ్చిందో లేదో తెలియదు గాని, నా ఫోన్ నంబరును మాత్రం నా ముందే అన్‌బ్లాక్ చేసింది.

తిరిగొచ్చాక

కొట్లో మిగిలిన తొమ్మిదింటినీ నెల తర్వాత బ్రహ్మయ్య దగ్గరికి తీసుకెళ్లాను, ఈసారి ఆటోలో. ఆరింటికి తోకలు మలిచాడు. మూడింటి అలుగుల్లో పగుళ్లున్నాయి, వాటిని ముక్కలు చేసి శివారెడ్డికి దోటి కొక్కేలు కొట్టాడు. ఇప్పుడు నా కొట్లో కత్తులు జానెడు పొట్టి, ధర ఎక్కువ. పెట్టెలు లేవు, బంగారు అక్షరాలు లేవు.

మొన్న ఒక కాలేజీ కుర్రాడు వచ్చి ఒకటి ఎంచుకున్నాడు. పిడి వాడి చేతికిచ్చి, గాజుల అల్మారా ముందున్న జాగాలో ఆరడుగుల దూరంలో నిలబడ్డాను.

"అంకుల్, కొంచెం పక్కకు జరుగు, ఊపి చూస్తా" అన్నాడు.

"జరగను" అన్నాను. "ఊపు."